సొంత డబ్బుతో, ఒకే తరహా కస్టమర్లతో స్టార్టప్‌ను పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము ఎరువులు, పురుగుమందుల దుకాణాలకు బిల్లింగ్, ఖాతాల సాఫ్ట్‌వేర్ చేస్తాం. బయటి పెట్టుబడి లేదు. సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్ళు, అమ్మాయిలు ఫోన్ చేసి అడిగే సందేహాలు చాలావరకు ఒకటే ఉంటాయి. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీరు ఏ దశలో ఉన్నారో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా నాకు తెలిసిన దుకాణాల నుంచే ఇచ్చాను. మీ రంగం వేరైతే ఆ చోట మీ కస్టమర్లను పెట్టుకుని చదవండి.

## మొదలుపెట్టే ముందు

ఇన్వెస్టర్లు లేకుండా కంపెనీ నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది. కాకపోతే అన్ని రకాల వ్యాపారాలూ కాదు. జోహో 1996లో అడ్వెంట్‌నెట్ అనే పేరుతో మొదలైంది. అప్పట్లో అది అమ్మింది నెట్‌వర్క్ పరికరాల కంపెనీలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్. అందరికీ తెలిసిన ఆన్‌లైన్ ఆఫీసు సాఫ్ట్‌వేర్ 2005 నుంచి వచ్చింది. 2010లో నితిన్ కామత్ మొదలుపెట్టిన షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా తరచూ ట్రేడింగ్ చేసేవాళ్ళను చూసుకుని ఎదిగింది. అమెరికాలో ఈమెయిల్ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ మెయిల్‌చింప్ 2001లో పుట్టి, బయటి పెట్టుబడి తీసుకోకుండానే 2021లో దాదాపు 1,200 కోట్ల డాలర్లకు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంట్యూట్ చేతికి వెళ్ళింది.

ఈ మూడింటికీ సరుకు కొని గోదాములో నింపాల్సిన పని లేదు. మొదటి కస్టమర్ ఇచ్చిన డబ్బు జీతాలకో, సర్వర్లకో పనికొచ్చింది. పది నిమిషాల డెలివరీ, బ్యాటరీ బళ్ళ తయారీ లాంటివి ఆలోచిస్తుంటే సొంత డబ్బుతో ఈదడం చాలా కష్టం. వాటికి పెట్టుబడి కావాల్సిందే.

ఇంత చిన్న మార్కెట్‌ను నమ్ముకుంటే బతుకుతామా?

కాగితం మీద లెక్క వేసుకోండి. ఒక్కో దుకాణం ఏడాదికి ₹6,000 ఇస్తే 200 దుకాణాలకు ₹12 లక్షలు. చిన్న ఊళ్ళో ఒక డెవలపర్, ఒక సపోర్ట్ మనిషి, సర్వర్, ఫోన్లు, తిరుగుడు ఖర్చులు ఇందులో జాగ్రత్తగా వెళ్ళిపోతాయి. 500 దుకాణాలైతే ₹30 లక్షలు. ఒక జిల్లాలో మీరు ఎంచుకున్న తరహా కస్టమర్లు ఎంతమంది ఉన్నారో ముందు తెలుసుకోండి. వాళ్ళలో ఇరవై మందికి ఒకరు కొన్నా మీ ఇల్లు గడుస్తుందంటే ఆ మార్కెట్ చిన్నది కాదు.

"దేశంలో కోట్ల దుకాణాలున్నాయి, అందులో ఒక్క శాతం వచ్చినా చాలు" అనుకునేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. ఆ ఒక్క శాతం ఎక్కడుందో, ఏ తలుపు తట్టాలో వాళ్ళకు తెలియదు.

ఎలాంటి కస్టమర్లను ఎంచుకోవాలి?

నేను అన్నిటికంటే ముందు చూసేది వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా లేదా అన్నది. ఎరువుల దుకాణాల వాళ్ళకు మండలంలోనో జిల్లాలోనో సంఘం ఉంటుంది. ఒకే డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరుకు తెస్తారు. కంపెనీ మీటింగుల్లో కలుస్తారు. హైదరాబాద్‌లోని వ్యవసాయ శిక్షణ సంస్థ మేనేజ్ 2003లో డీలర్ల కోసం మొదలుపెట్టిన డేసీ డిప్లొమాలో ఒక్కో బ్యాచ్‌కు నలభై మంది ఏడాది పాటు వారానికోసారి క్లాసుకు వస్తారు. అలాంటి చోట ఒకరికి మేలు జరిగితే మిగతావాళ్ళకు మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్పుకుంటారు.

రెండోది, బాధ అందరికీ ఒకేలా ఉండాలి. మూడోది, ఆ బాధ పోవడానికి ఇప్పటికే ఎవరికో డబ్బు ఇస్తూ ఉండాలి: గుమాస్తాకో, లెక్కలు రాసే మనిషికో, పాత సాఫ్ట్‌వేర్‌కో. ఒకరి సంగతి ఒకరికి తెలియని, ఊరికొకరుగా చెదిరిపోయిన కస్టమర్లైతే ప్రతి అమ్మకానికీ మళ్ళీ మొదటి నుంచి కష్టపడాలి. ప్రకటనల ఖర్చు భరించలేని మనలాంటి వాళ్ళకు అది కుదరదు.

నాకు కోడింగ్ మాత్రమే వచ్చు. ఆ వ్యాపారం గురించి ఏమీ తెలియదు. పర్వాలేదా?

ఇప్పుడు తెలియకపోతే పర్వాలేదు. తెలుసుకోకుండా కోడ్ రాయడం మొదలుపెడితే మాత్రం కష్టం. తెలిసిన వాళ్ళ ద్వారా ఒక దుకాణంలో కౌంటర్ పక్కన కూర్చునే అవకాశం అడగండి. సీజన్‌లో కొన్ని రోజులు, సీజన్ లేనప్పుడు కొన్ని రోజులు ఉండండి. ప్రశ్నలు తగ్గించి చూడటం పెంచండి.

ఉదాహరణకు ఎరువుల దుకాణంలో ఏం కనిపిస్తుందో చెబుతాను. ఒకే కౌంటర్ మీద మూడు రకాల పన్ను: విత్తనాలకు జీఎస్టీ లేదు, ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం. పురుగుమందు బిల్లులో బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉండాలి. యూరియా బస్తా అమ్మాలంటే ఈ-పాస్ మిషన్‌లో రైతు ఆధార్‌తో వేలిముద్ర వేయాలి. ఇవన్నీ చట్టాలు చదివినా తెలుస్తాయి. చదివితే తెలియనిది ఇంకొకటి ఉంది.

రైతు వచ్చి "నా ఖాతా చూడు" అంటాడు. పేరు కొడితే అదే పేరుతో పదిహేను మంది వస్తారు. ఓనరు మాత్రం పుస్తకంలో ముందు ఊరు పేజీ తీస్తాడు, తర్వాత ఇంటిపేరు, తర్వాత తండ్రి పేరు చూస్తాడు. కౌలు రైతైతే పొలం ఎవరిదో, జామీను ఎవరున్నారో పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. అది చూశాక మా సాఫ్ట్‌వేర్‌లో మొదటి స్క్రీన్ ఊళ్ళ జాబితా అయింది. ఊరు నొక్కితే ఆ ఊరి ఖాతాలన్నీ వస్తాయి. మా దుకాణాల వాళ్ళు ఇంకొకరికి మా గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ మొదట చెప్పేది ఈ ఒక్క విషయమే. ఇది ఎవరూ ఫీచర్‌గా అడగలేదు. కౌంటర్ పక్కన కూర్చుంటేనే కనిపించింది.

ఉద్యోగం మానేసి మొదలుపెట్టాలా?

వెంటనే వద్దు. డబ్బిచ్చే కస్టమర్లు కొద్దిమంది అయ్యేదాకా సాయంత్రాలు, సెలవు రోజులు సరిపోతాయి. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని గురించి ఏం రాసుందో ఒకసారి చదవండి. మానేసే రోజుకు ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండేలా చూసుకోండి. ఇంట్లో ఈఎంఐ టెన్షన్ ఉన్న మనిషి కస్టమర్‌తో నిదానంగా మాట్లాడలేడు, దొరికిన ప్రతి పనికీ ఒప్పుకుంటాడు.

## మొదటి పది మంది కస్టమర్లు

మొదటి కస్టమర్లు ఎక్కడ దొరుకుతారు?

మీరు నడిచి వెళ్ళగలిగే దూరంలో. ఒకే మండలంలో, ఒకే బజారులో అయితే ఇంకా మంచిది. పది మందీ పది జిల్లాల్లో ఉంటే ఎవరికీ సరిగ్గా సేవ చేయలేరు, ఒకరి గురించి ఒకరు వినరు. పక్కపక్క దుకాణాల్లో ముగ్గురు వాడుతుంటే నాలుగో ఓనరు తనంతట తానే పిలుస్తాడు.

ఇంకో దారి, వాళ్ళు ఇప్పటికే నమ్మే మనుషులు. ఒక్క జీఎస్టీ ప్రాక్టీషనర్ ఎన్నో దుకాణాల రిటర్నులు వేస్తాడు. నెలాఖరుకు చిందరవందరగా వచ్చే బిల్లులతో ఆయన పడే బాధ చిన్నది కాదు. మీ సాఫ్ట్‌వేర్ నుంచి ఆయనకు కావలసిన రిపోర్టు ఒక్క నొక్కుతో వస్తే, ఆయన నోటిమాట మీ మాట కంటే బలంగా పనిచేస్తుంది. 1986లో బెంగళూరులో మొదలైన లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మన ఊళ్ళ దాకా పాకింది ఇలాంటి అకౌంటెంట్లు, స్థానిక పార్ట్‌నర్ల చేతుల మీదుగానే.

ఆయనకు కమీషన్ ఇవ్వాలా అని అడుగుతారు. ఇస్తే దుకాణం ఓనరుకు తెలిసేలా ఇవ్వండి. దాచి ఇచ్చిన కమీషన్ బయటపడిన రోజు ఇద్దరి పరువూ పోతుంది.

మొదట్లో ఫ్రీగా ఇవ్వాలా?

ఒక నెల వాడి చూడమని ఇవ్వండి. ఆ తర్వాత చిన్న మొత్తమైనా తీసుకోండి. డబ్బు కట్టిన మనిషి పని చేయకపోతే ఫోన్ చేసి అడుగుతాడు. ఆ ఫోనే మీకు కావలసింది. ఫ్రీగా తీసుకున్నవాడు మొహమాటానికి "బానే ఉంది బాబూ" అని, మళ్ళీ పుస్తకంలోనే రాసుకుంటాడు. మొదటివాళ్ళకు ఏదైనా ప్రత్యేకంగా ఇవ్వాలనుకుంటే ధర ఎప్పటికీ పెంచనని మాటివ్వండి. ఇచ్చాక నిలబెట్టుకోండి.

అందరూ బాగుందంటున్నారు, ఎవరూ కొనడం లేదు. ఎందుకు?

"బాగుందా?" అని అడిగారు కాబట్టి. మన దగ్గర ఎదుటి మనిషి మొహం మీద బాలేదని చెప్పేవాళ్ళు అరుదు. అభిప్రాయం అడగడం మానేసి, జరిగిన పని గురించి అడగండి: "పోయిన సీజన్‌లో ఎంత బాకీ రాలేదు? అది మీకు ఎప్పుడు తెలిసింది? తెలియడానికి ఎన్ని పుస్తకాలు తిరగేశారు?" జవాబు చెబుతూ ఓనరు లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి చూపించాడంటే అక్కడ నిజమైన బాధ ఉంది. "అవన్నీ మా బావమరిది చూసుకుంటాడు" అన్నాడంటే మీరు మాట్లాడాల్సింది ఆ బావమరిదితో.

పాత పుస్తకాల్లో లెక్కలన్నీ మమ్మల్నే ఎక్కించమంటున్నారు. అది మన పనా?

మొదట్లో ముమ్మాటికీ మన పనే. దుకాణం ఓనరుకు సాఫ్ట్‌వేర్ ధర కంటే పెద్ద అడ్డంకి ఆ నాలుగు వందల పాత ఖాతాలు. అవి ఎక్కనిదే మీ సాఫ్ట్‌వేర్ ఆయనకు ఖాళీ డబ్బా. 2013లో కన్వర్ట్‌కిట్ అనే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన నేథన్ బ్యారీ బ్లాగర్లనే ఎంచుకుని, వాళ్ళ ఈమెయిల్ జాబితాలను పాత సాఫ్ట్‌వేర్ నుంచి తనే ఉచితంగా మార్చి ఇస్తానన్నాడు. ఆ కంపెనీ మలుపు తిరగడానికి అదొక ముఖ్య కారణం.

ఎక్కించేటప్పుడు దగ్గర కూర్చుని ఓనరుతో ప్రతి బాకీ సరిచూసుకోండి. రైతు పుస్తకంలో ₹18,400 అని ఉండి మీ స్క్రీన్ మీద ₹14,800 వస్తే, తగువు దుకాణంలో జరుగుతుంది. పోయేది ఓనరు మాట. ఈ పని చేస్తూనే ఖాతాలు ఎన్ని రకాలుగా రాస్తారో మీకు అర్థమవుతుంది. తర్వాత ఎక్సెల్ నుంచి ఎక్కించే సౌకర్యం చేసుకోవచ్చు.

ఒక్కొక్కరు ఒక్కో ఫీచర్ అడుగుతున్నారు. అన్నీ చేయాలా?

వద్దు, కానీ అన్నీ రాసి పెట్టుకోండి. ఎవరు అడిగారు, ఏ సందర్భంలో అడిగారు అన్నది కూడా రాయండి. అదే మాట వేరువేరు ఊళ్ళ నుంచి ముగ్గురు అడిగితే కూర్చుని ఆలోచించండి. ఒక్కరే అడిగి, దానికి విడిగా డబ్బిస్తానన్నా, మిగతావాళ్ళకు పనికిరాదనుకుంటే మర్యాదగా కాదనండి. డబ్బు కోసం ఒప్పుకుంటే ఒక్కో కస్టమర్‌కు ఒక్కో సాఫ్ట్‌వేర్ నడపాల్సి వస్తుంది.

## కమ్యూనిటీ

కమ్యూనిటీ అంటే వాట్సాప్ గ్రూపు పెట్టడమేనా?

గ్రూపు ఒక చోటు మాత్రమే. అందులో వాళ్ళ పని గురించి వాళ్ళు మాట్లాడుకుంటుంటే అది కమ్యూనిటీ. మీ ఆఫర్లు, మీ అప్‌డేట్లు, పండగ శుభాకాంక్షలు మాత్రమే ఉంటే అది నోటీసు బోర్డు. నోటీసు బోర్డు చూడటానికి ఎవరూ రోజూ రారు.

జెరోధాను చూడండి. ట్రేడింగ్ సందేహాలు అడిగే ట్రేడింగ్ క్యూఎన్‌ఏ ఒకటి, స్టాక్ మార్కెట్ పాఠాలు ఉచితంగా నేర్పే వర్సిటీ ఒకటి పెట్టింది. అక్కడ నేర్చుకోవడానికి జెరోధాలో ఖాతా ఉండాలన్న షరతు లేదు. మీ కస్టమర్‌కు మీ ప్రోడక్ట్ లేకపోయినా పనికొచ్చే విషయం ఏమిటి? ఎరువుల దుకాణానికైతే తనిఖీకి అధికారి వస్తే ఏ రిజిస్టర్లు చూస్తారు, గడువు దగ్గరపడిన మందులు కంపెనీకి ఎప్పటిలోగా వాపసు పంపాలి, లైసెన్సులో కొత్త కంపెనీ పేరు చేర్పించడానికి ఏ కాగితాలు కావాలి. వీటికి నమ్మకమైన జవాబు దొరికే చోటుకు ఓనర్లు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

గ్రూపు పెట్టాం. ఎవరూ నోరు మెదపడం లేదు. ఏం చేయాలి?

చిన్నగా మొదలుపెట్టండి. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కదా అని నంబర్లన్నీ తెచ్చి పోయకండి. ఒకరినొకరు ఎరిగిన ఇరవై మంది చాలు. అడగకుండా ఎవరినీ చేర్చవద్దు.

ముందుగా ఫోన్‌లో మీకు వచ్చే ప్రశ్నలను వాడుకోండి. ఒక ఓనరు ఫోన్ చేసి ఏదైనా అడిగితే, "ఈ మాట గ్రూపులో పెట్టండి, ఇంకా నలుగురికి పనికొస్తుంది" అనండి. పెట్టాక వెంటనే మీరు జవాబు ఇవ్వకండి. అనుభవం ఉన్న ఇంకో ఓనరుకు విడిగా ఫోన్ చేసి "దీని గురించి మీకు బాగా తెలుసు, కాస్త చెప్పండి" అని అడగండి. ఆయన జవాబిస్తే ఆయనకు గౌరవం, అడిగినవాళ్ళకు నమ్మకం. నెమ్మదిగా మీ అవసరం తగ్గుతుంది.

టైపింగ్ ఇబ్బందిగా ఉన్న పెద్దవాళ్ళు వాయిస్ మెసేజ్‌లు పెడతారు. వాటిని విని, ముఖ్యమైనవి రెండు లైన్లలో రాసి పెట్టే పని మీరు తీసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ మా గ్రూపు బతికుందంటే చాలావరకు దీనివల్లే. సీజన్ ఊపులో జూన్ నుంచి ఆగస్టు దాకా గ్రూపు చప్పుడు లేకుండా ఉంటే కంగారు పడకండి. అప్పుడు వాళ్ళకు అన్నం తినే టైమ్ ఉండదు.

గ్రూపులో మా ప్రోడక్ట్‌ను తిడుతున్నారు. డిలీట్ చేయాలా?

చేయకండి. అక్కడే, అందరూ చూస్తుండగా జవాబివ్వండి: తప్పు ఏమిటో అర్థమైందని, ఎప్పటికి సరిచేస్తారో. తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి పూర్తిగా వినండి. సరిచేశాక మళ్ళీ గ్రూపులోనే చెప్పండి. తిట్టిన కస్టమర్ ఇంకా వాడుతున్నాడు కాబట్టే తిడుతున్నాడు. చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళ గురించి ఎక్కువ ఆలోచించాలి.

తీసేయాల్సినవి వేరే ఉన్నాయి: కులం, పార్టీ గొడవలు, ఒక రైతు పేరు పెట్టి "వీడికి ఉద్దెర ఇవ్వకండి" అనే మెసేజ్‌లు. వీటి విషయంలో మొదటి రోజే నియమం చెప్పండి, ఎవరు పెట్టినా తీసేయండి.

వాళ్ళ సంఘం గ్రూపులో మన ప్రకటన పెట్టొచ్చా?

సంఘం అధ్యక్షుణ్ణో, కార్యదర్శినో ముందుగా కలిసి అడగకుండా పెట్టొద్దు. ఇంకా మంచిది, ప్రకటన కాకుండా పనికొచ్చేది ఏదైనా ఇవ్వడం. ఏడాది చివర స్టాక్ లెక్కించడానికి ఒక ఎక్సెల్ షీటు, కొత్త పన్ను రేట్లు వచ్చినప్పుడు ఒక పేజీ పట్టిక లాంటివి. కింద మీ కంపెనీ పేరు, ఫోన్ నంబర్ చాలు. సంఘం మీటింగుకు పిలిస్తే భోజనాల ఖర్చు పెట్టుకుని మైకు పట్టుకునే బదులు, వెనక కూర్చుని వాళ్ళ సమస్యలు వినండి.

కస్టమర్ల డేటా విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇది నేను చాలా పట్టింపుగా చెప్పే విషయం. మా సాఫ్ట్‌వేర్‌లో వేలమంది రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, అప్పులు ఉంటాయి. ఏ ఊళ్ళో ఏ మందు ఎంత అమ్ముడైందో తెలిస్తే కంపెనీలు డబ్బిచ్చి కొంటామంటాయి. అమ్మకండి. ఆ సమాచారం దుకాణానిది, రైతుది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వ్యక్తుల సమాచారాన్ని ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలంటుంది. ఒక్క ఓనరుకు అనుమానం వచ్చినా వారంలో సంఘం మొత్తానికి తెలుస్తుంది, దగ్గరి సంబంధాలున్న మార్కెట్‌లో మంచి ఎంత వేగంగా పాకుతుందో చెడూ అంతే.

వాట్సాప్ గ్రూపులో సభ్యుల నంబర్లు అందరికీ కనిపిస్తాయని చేరేముందే చెప్పండి. సపోర్ట్ కోసం పంపే స్క్రీన్‌షాట్లలో రైతు పేరు, బాకీ కనిపించకుండా కొట్టేసి పంపడం మీ వాళ్ళకు అలవాటు చేయండి.

యూట్యూబ్ వీడియోలు చేయాలా? తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

మీ కస్టమర్ కౌంటర్ దగ్గర ఏ భాషలో మాట్లాడతాడో ఆ భాషలో. రెండు మూడు నిమిషాలు, ఒక్కో వీడియోలో ఒక్క పని: "వాపసు వచ్చిన మందును బిల్లులోంచి ఎలా తీయాలి" లాంటిది. వ్యూస్ వందల్లోనే ఉంటాయి, బాధపడకండి. ఆ వందల మందీ మీ కస్టమర్లో, కాబోయే కస్టమర్లో. సపోర్ట్ ఫోన్లు తగ్గడం మీకే కనిపిస్తుంది.

## ధర, డబ్బు

ధర ఎంత పెట్టాలి?

పోటీదారు ధర చూసి కాదు, కస్టమర్‌కు ఎంత మిగులుతోందో చూసి పెట్టండి. సీజన్ చివర రాయడం మర్చిపోయిన బాకీలు, గడువు తీరి పారేసిన మందులు, గుమాస్తా రాత్రి దాకా కూర్చునే గంటలు ఓనరుతోనే లెక్క వేయించండి. ఆ నష్టంలో చిన్న భాగం మీ ధర అయితే ఆయనకు బరువుగా అనిపించదు. అలాగని 45 కిలోల యూరియా బస్తాను ₹266.50కి అమ్మే దుకాణంలో బస్తాకు మిగిలేది కొద్దిపాటి రూపాయలే. ఆ సంగతి తెలిసిన మనిషిలా మాట్లాడండి.

మరీ తక్కువ ధర పెడితే సపోర్ట్ ఇవ్వలేరు. సపోర్ట్ లేని సాఫ్ట్‌వేర్‌ను చిన్న దుకాణం వాడదు.

నెలకు తీసుకోవాలా, ఏడాదికా?

చిన్న దుకాణాలకు ఏడాదికి ఒకసారే మంచిది. మీకు డబ్బు ముందే వస్తుంది, దానితోనే పని నడుస్తుంది. రెన్యువల్ నెల మాత్రం కస్టమర్ చేతిలో డబ్బు ఆడే కాలానికి పెట్టండి. ఎరువుల దుకాణం జూన్‌లో సరుకు మీద డబ్బంతా పెట్టేస్తుంది. ధాన్యం, పత్తి అమ్మి రైతులు బాకీలు కట్టాక, అంటే సంక్రాంతి చుట్టుపక్కల, అడిగితే పని సులువు. ఆటోపే సౌకర్యం పెట్టొచ్చు. యూపీఐలో మామూలుగా ₹15,000 దాకా ప్రతిసారీ పిన్ అడగదు. కానీ చాలామంది ఓనర్లకు ఖాతాలోంచి తనంతట తాను డబ్బు పోవడం ఇష్టం ఉండదు. వాళ్ళకు ఫోన్ చేసి క్యూఆర్ పంపండి. ఆ ఫోన్‌లో సాధకబాధకాలు కూడా తెలుస్తాయి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు తీసుకోవాలి?

సాఫ్ట్‌వేర్ సేవ కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఏడాది టర్నోవర్ ₹20 లక్షలు దాటితే తప్పనిసరి. సరుకులు మాత్రమే అమ్మితే ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి ₹40 లక్షలు, తెలంగాణలో ₹20 లక్షలు. సాఫ్ట్‌వేర్ మీద పన్ను 18 శాతం. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉన్న దుకాణం ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటుంది, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటుంది. కాంపోజిషన్‌లో, అంటే టర్నోవర్ మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్న దుకాణానికి ఆ వీలు లేదు. అందుకే ధర చెప్పేటప్పుడు పన్నుతో కలిపి ఎంతో ఒకే మాటగా చెప్పండి.

పెద్ద కస్టమర్ బిల్లు కట్టకుండా నెలలు తిప్పుతున్నాడు. ఏం చేయాలి?

చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, ఉచితం. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని చట్టం చెబుతోంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటితే నిజంగా చెల్లించిన ఏడాదే కొనుగోలుదారు దాన్ని ఖర్చుగా చూపించుకోగలడు. ఈ ఒక్క మాట వాళ్ళ అకౌంట్స్ విభాగానికి మర్యాదగా గుర్తుచేస్తే చాలాసార్లు ఫైలు కదులుతుంది. అయినా, మీ ఆదాయంలో సగం ఒకే కస్టమర్ నుంచి వచ్చే పరిస్థితి రానివ్వకండి.

ప్రోడక్ట్ డబ్బు చాలడం లేదు. బయటి ప్రాజెక్టులు చేయవచ్చా?

చేయవచ్చు. మెయిల్‌చింప్ కూడా ఒక వెబ్ డిజైన్ సంస్థలో పక్క పనిగానే పుట్టింది. వీలైతే మీ రంగంలోని ప్రాజెక్టులే తీసుకోండి: డిస్ట్రిబ్యూటర్‌కు స్టాక్ రిపోర్టు, సంఘానికి వెబ్‌సైట్. వారంలో రెండు రోజులు ప్రోడక్ట్‌కే అని గట్టిగా పెట్టుకోండి, లేకపోతే డబ్బు వెంటనే వచ్చే పని మిగతాదాన్ని మింగేస్తుంది.

## పెరుగుతున్నప్పుడు

మొదటి ఉద్యోగిగా ఎవరిని తీసుకోవాలి?

నా సలహా, ఇంకో డెవలపర్‌ను కాదు. ఆ వ్యాపారంలో పనిచేసిన మనిషిని సపోర్ట్‌కు తీసుకోండి. ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేసిన అమ్మాయి ఫోన్ ఎత్తితే ఓనరు సగం మాట చెప్పగానే మిగతా సగం ఆమెకు అర్థమవుతుంది. కంప్యూటర్ పని నెలలో నేర్పవచ్చు, ఆ వ్యాపారపు భాష నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడప్పుడూ మీరూ సపోర్ట్ ఫోన్లు ఎత్తుతూ ఉండండి.

ఇంకో రకం దుకాణాలకు కూడా అమ్మవచ్చా?

ఇప్పుడున్నవాళ్ళు ఎవరితో లావాదేవీ చేస్తారో అటువైపు వెళ్ళండి. ఎరువుల దుకాణానికి సరుకిచ్చే డిస్ట్రిబ్యూటర్, పక్క జిల్లాలోని అవే దుకాణాలు, అదే ఓనరు నడిపే విత్తనాల షాపు. అక్కడ మీ పేరు ఇప్పటికే తెలుసు. మెడికల్ షాపులోనూ బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉంటాయి కదా అని అటు దూకాలనిపిస్తుంది. కోడ్ సగం పనికొస్తుంది నిజమే. మనుషులు మాత్రం పూర్తిగా కొత్తవాళ్ళు, వాళ్ళ సంఘం వేరు, వాళ్ళ బాధలు వేరు. మళ్ళీ మొదటి కౌంటర్ పక్కన కూర్చోవడానికి ఓపిక ఉంటేనే వెళ్ళండి.

ఫండింగ్ ఉన్న కంపెనీ ఇదే పని ఫ్రీగా ఇస్తోంది. మా గతేంటి?

ఖాతాబుక్ లాంటి ఉచిత యాప్‌లు వచ్చినప్పుడు చాలామంది ఇదే అడిగారు. అవి ఏ దుకాణానికైనా పనికొచ్చేలా చేసినవి, బాకీ గుర్తుచేసే పని చక్కగా చేస్తాయి. బ్యాచ్‌వారీ స్టాక్, ఊరివారీ ఖాతాలు, పంట వచ్చాక కట్టే వడ్డీ లెక్క, తనిఖీకి కావలసిన రిజిస్టర్లు కావాలంటే దుకాణం మీ దగ్గరికే వస్తుంది. అందరి కోసం చేసే కంపెనీ ఒక్క వర్గం కోసం అంత లోతుకు దిగితే దానికి గిట్టుబాటు కాదు. మీ పని ఉచిత యాప్ చేసే పని కంటే ఒక్క అంగుళమే ఎక్కువైతే మాత్రం ధర తగ్గించి లాభం లేదు, లోతు పెంచాలి.

ఇన్వెస్టర్ తనే ఫోన్ చేశాడు. డబ్బు తీసుకోవాలా?

ఆ డబ్బుతో రేపు మీరు చేయబోయే పని, ఇవాళ చేయలేకపోతున్న పని ఒకటి రాయండి. "ఇంకో మూడు రాష్ట్రాల్లో మనుషులను పెడితే ఒక్కొక్కరి మీద పెట్టింది ఏడాదిలో వస్తుందని మా లెక్కలు చెబుతున్నాయి" అని రాయగలిగితే కూర్చుని మాట్లాడండి. "పేరు వస్తుంది" అనే జవాబే వస్తే ఇప్పుడు వద్దు. ఆలస్యం చేస్తే అవకాశం పోతుందని కంగారు పెట్టేవాళ్ళుంటారు. పారస్ చోప్రా విన్గిఫై అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని ఏళ్ళ తరబడి బయటి పెట్టుబడి లేకుండా నడిపి, 2025లో మెజారిటీ వాటాను ఎవర్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మాడు. లాభాలున్న కంపెనీకి తలుపు మూసుకుపోదు.

పెట్టుబడి వస్తే మీ దుకాణాల వాళ్ళకు ఏం మారుతుందో కూడా అడగండి. వేగంగా పెరగాలంటే ధర పెంచాలి, లేదా సపోర్ట్ తగ్గించాలి, లేదా డేటా మీద సంపాదించాలి అని జవాబు వస్తే, ఈ మూడింటిలో దేనికి ఒప్పుకోరో కాగితం మీద పెట్టుకున్నాకే సంతకం చేయండి.

కుదరక మూసేయాల్సి వస్తే కస్టమర్లకు ఏం చెప్పాలి?

ముందుగా, నేరుగా, మీ నోటితో. సీజన్ మధ్యలో మూసేయకండి. బాకీలు వసూలయ్యే కాలం దాటేదాకా సర్వర్ నడపండి. ప్రతి దుకాణానికీ ఖాతాలు, స్టాక్, పాత బిల్లులు ఎక్సెల్‌లో ఇచ్చి, ఊరివారీగా ఒక ప్రింటు కూడా తీసివ్వండి. వాడని నెలల డబ్బు అడగకముందే వెనక్కి పంపండి. ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకునేవాళ్ళకు లెక్కలు ఎక్కించడంలో సాయం చేయండి, అది మీ పోటీదారుడిదైనా సరే. ఆ తర్వాత సర్వర్‌లోని రైతుల వివరాలు పూర్తిగా తుడిచేసి, తుడిచేశామని ఓనర్లకు రాసి ఇవ్వండి.